బటన్ నొక్కగానే విండో ఎందుకు బిగుసుకుపోతుంది?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలిని. ఫోటోలను తీసిన తేదీని బట్టి సంవత్సరాల, నెలల ఫోల్డర్లలోకి సర్దే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసుకున్నాను. టెర్మినల్‌లో చక్కగా నడుస్తుంది. ఇంట్లో మిగతావాళ్లు కూడా వాడుకుంటారని పైథాన్‌లో విండోలు కట్టే టీకింటర్ లైబ్రరీతో ఒక విండో, అందులో ‘సర్దు’ అనే బటన్, కింద ఒక లేబుల్ పెట్టాను. అప్పటి నుంచి రెండు వింతలు. మొదట్లో ప్రోగ్రామ్ తెరవగానే, ఎవరూ బటన్ నొక్కకుండానే, సర్దడం మొదలయ్యేది. అది పూర్తయ్యాక విండో కనిపించేది, అప్పుడు బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మా అబ్బాయి ఏవో రెండు బ్రాకెట్లు తీసేసి దాన్ని బాగుచేశాడు, ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు బటన్ నొక్కితే విండో పాలిపోయి, శీర్షికలో ‘నాట్ రెస్పాండింగ్’ అని పడుతోంది. ఎన్ని ఫోటోలు అయ్యాయో లేబుల్ మీద ఒక్కొక్కటిగా పెరగాల్సిన సంఖ్య చివర్లో ఒక్కసారే వస్తోంది. నా లూప్‌లో తప్పేమిటండీ?

జవాబు: మీ లూప్‌లో తప్పేమీ లేదండీ. దాన్ని పిలిచిన తీరులో ఒక చిక్కు, నడిపించిన చోటులో ఇంకొకటి ఉన్నాయి.

మొదటిది తేలిక. బటన్ తయారుచేసే వరుసలో మీరు ‘కమాండ్=సర్దు()’ అని రాసి ఉంటారు. (కోడ్ మాటలను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.) ఆ చివరి బ్రాకెట్లకు ‘ఇప్పుడే నడుపు’ అని అర్థం. అంచేత బటన్ పుట్టకముందే సర్దడం మొత్తం జరిగిపోయింది. ఆ ఫంక్షన్ తిరిగి ఇచ్చేది ఏమీ లేదు గనుక బటన్ చేతికి అందింది ఉత్త ‘నన్’, అంటే శూన్యం. నొక్కినా పలకకపోవడం అందుకే. మీ అబ్బాయి చేసింది సరైన పని: ‘కమాండ్=సర్దు’ అని పేరు మాత్రం ఇచ్చాడు. ఫోల్డర్ పేరు కూడా పంపాలనుకుంటే ‘కమాండ్=లామ్డా: సర్దు(ఫోల్డర్)’ అనాలి. లామ్డా అంటే పేరు లేని చిన్న ఫంక్షన్, నొక్కినప్పుడే నడుస్తుంది. లూప్‌లో పది ఫోల్డర్లకు పది బటన్లు చేసేవారికి ఇక్కడో గొయ్యి ఉంది. లామ్డా ఆ పేరు విలువను తయారైనప్పుడు చూడదు, నొక్కినప్పుడు చూస్తుంది. అప్పటికి లూప్ అయిపోయి ఉంటుంది కాబట్టి పది బటన్లూ పదో ఫోల్డర్‌నే తెరుస్తాయి. ‘లామ్డా ఎఫ్=ఫోల్డర్: సర్దు(ఎఫ్)’ అని రాస్తే ఏ బటన్ విలువ దానికి నిలుస్తుంది.

రెండోదే అసలు సంగతి. టెర్మినల్‌లో పెత్తనం స్క్రిప్ట్‌ది. ఎప్పుడు చదవాలో, ఎప్పుడు రాయాలో, ఎప్పుడు ఆగాలో అన్నీ అదే నిర్ణయించుకుంటుంది. విండో వచ్చిన క్షణం నుంచి పెత్తనం ‘మెయిన్‌లూప్’ది. మౌసు నొక్కులు, కీబోర్డు అక్షరాలు, తెర మళ్లీ గీయమన్న కబుర్లు, గడువు తీరిన టైమర్లు అన్నింటినీ అది వరుసలో పెట్టుకుని ఒక్కొక్కటిగా తీరుస్తుంది. మీ బటన్ వంతు రాగానే ‘సర్దు’ను పిలుస్తుంది. అది తిరిగి వచ్చేదాకా వరుసలో మరో దాన్ని ముట్టదు. మీరు మధ్యలో లేబుల్ మార్చినప్పుడు టీకే (టీకింటర్ వెనుక నిజంగా తెర గీసేది) చేసేదల్లా ‘దీన్ని మళ్లీ గీయాలి’ అని గుర్తు పెట్టుకోవడమే. గీసే తీరిక మీ ఫంక్షన్ ముగిశాకే వస్తుంది, అప్పటికి మిగిలి ఉండేది ఆఖరి సంఖ్య.

ఇక ఆ పాలిపోవడం విండోస్ చేసే పని. ఒక ప్రోగ్రామ్ 5 సెకన్లపాటు తనకు వచ్చిన సందేశాలను అడిగి తీసుకోకపోతే, అది స్తంభించినట్టు లెక్కగట్టి, దాని స్థానంలో ఒక నకలు విండోను నిలబెట్టి, శీర్షికకు ఆ మాట తగిలిస్తుంది. లోపల మీ ఫోటోలు నిక్షేపంగా సర్దుకుంటూనే ఉన్నాయి. పని జరుగుతోందా లేదా అన్నది విండోస్‌కు అక్కర్లేదు, పిలిస్తే పలుకుతున్నదా లేదా అన్నదే దానికి కావాలి.

దీనికి అందరూ ముందుగా చెప్పే చిట్కా, లూప్‌లో ‘విండో.అప్‌డేట్()’ చేర్చమని. చేరిస్తే సంఖ్య కదులుతుంది, నిజమే. అయినా వద్దంటాను. అప్‌డేట్ గీయడంతో ఆగదు, వరుసలో ఉన్న నొక్కులను కూడా అక్కడికక్కడే తీర్చేస్తుంది. మా నాన్నగారు ఏ బటన్‌నైనా రెండుసార్లు నొక్కుతారు, ఐకన్లతో వచ్చిన అలవాటు. అలాంటివారి చేతిలో మొదటి సర్దుడు సగంలో ఉండగా రెండోది దాని కడుపులోనే మొదలవుతుంది. లోపలిది అన్నీ తరలించేశాక బయటిది మిగిలిన జాబితా పట్టుకుని వెళ్లి ‘ఆ ఫైలు లేదు’ అని మొరపెట్టుకుంటుంది. మధ్యలో ఎవరైనా విండో మూసేస్తే మరో గోల: లేని లేబుల్ మీద రాయబోయి దోషం. నేను ఏ విండో రాసినా ముందు నాన్నగారికే ఇస్తాను. ఆయన చేతిని తట్టుకున్న ప్రోగ్రామ్ ఎవరి చేతిలోనైనా నిలుస్తుంది.

సరైన దారి స్క్రిప్ట్‌ను రెండుగా విడదీయడం. ఫోటోలు సర్దే ఫైలులో టీకింటర్ పేరే వినపడకూడదు. విండో ఉన్న ఫైలులో తేదీల లెక్క ఉండకూడదు. అలా విడదీసేటప్పుడు పాత స్క్రిప్ట్‌లో మూడు మాటల కోసం వెతకండి: ‘ప్రింట్’, ‘ఇన్‌పుట్’, ‘సిస్.ఎగ్జిట్’. టెర్మినల్ ఉందన్న నమ్మకంతో రాసినవి ఇవే. ‘కొనసాగించమంటారా’ అని అడిగే ఇన్‌పుట్, విండో వెనుక ఎవరికీ కనిపించని చోట జవాబు కోసం కూర్చుంటుంది. ఆ ప్రశ్నను విండో వైపుకు తెచ్చి, పని మొదలుకాకముందే ‘మెసేజ్‌బాక్స్.ఆస్క్‌యెస్‌నో’తో అడగండి. సిస్.ఎగ్జిట్ ఇంకా మొరటుది. మామూలు దోషాలను టీకింటర్ పట్టుకుని ముద్రించి ముందుకు సాగుతుంది, కానీ ఎగ్జిట్‌ను ఆపదు, విండో మొత్తం మాయమవుతుంది. అక్కడ దోషాన్ని ‘రెయిజ్’ చేయండి, ఏం చేయాలో విండో చూసుకుంటుంది.

ప్రింట్ స్థానంలో ‘యీల్డ్’ పెట్టండి. ఒక ఫోటో సర్దగానే ‘యీల్డ్ సంఖ్య, పేరు’. అంతే, మీ ఫంక్షన్ ఒక్కో ఫోటో దగ్గర ఆగి, అడిగితేనే ముందుకు కదిలేదిగా మారింది. టెర్మినల్‌లో వాడాలంటే ‘ఫర్’ లూప్‌లో పెట్టి ప్రింట్ చేసుకోండి, పాత పద్ధతి పాత పద్ధతిలాగే ఉంటుంది. విండో వైపు ‘అడుగు’ అని ఒక చిన్న ఫంక్షన్ రాయండి. అది ‘నెక్స్ట్’ అని ఒక ఫోటో సర్దించి, వచ్చిన సంఖ్యను లేబుల్ మీద రాసి, ‘విండో.ఆఫ్టర్(1, అడుగు)’ అని చెప్పి ఊరుకుంటుంది. అంటే, 1 మిల్లీసెకను తరువాత మళ్లీ ‘అడుగు’ను పిలవమని. ఇక్కడ కూడా ‘అడుగు’ తరువాత బ్రాకెట్లు ఉండకూడదు, కారణం ఇందాకటిదే. ఒక ఫోటోకూ ఇంకో ఫోటోకూ మధ్య మెయిన్‌లూప్‌కు ఊపిరి ఆడుతుంది కాబట్టి సంఖ్య కదులుతుంది, విండో పలుకుతుంది. ఫోటోలు అయిపోయినప్పుడు వచ్చే ‘స్టాప్ ఇటరేషన్’ను పట్టుకుని ‘పూర్తయింది’ అని చూపండి.

దీనివల్ల ‘ఆపు’ బటన్ దాదాపు ఉచితంగా వస్తుంది. అది నొక్కితే ఒక గుర్తు నిలబెట్టడం, ‘అడుగు’ ఆ గుర్తు చూసి మళ్లీ ఆఫ్టర్ చెప్పకపోవడం. ఆగేది ఎప్పుడూ రెండు ఫోటోల మధ్యే కాబట్టి సగం తరలిన ఫైలు మిగలదు. పని నడుస్తున్నంతసేపూ ‘సర్దు’ బటన్‌ను ‘డిజేబుల్డ్’ స్థితిలో పెట్టండి, మా నాన్నగారి కోసం. ఒక పాడైన ఫోటో వల్ల మొత్తం ఆగకుండా, ఒక్కో ఫోటో పనిని ‘ట్రై’లో చుట్టి, దోషం వస్తే ఆ పేరును కూడా యీల్డ్‌తోనే బయటికి పంపండి.

ఈ పద్ధతి ఎక్కడ చాలదంటే, ఒక్క అడుగే పొడవైనప్పుడు. ఫోటోల మధ్య రెండు గంటల వీడియో ఒకటి ఉండి, దాన్ని వేరే డిస్కుకు కాపీ చేయాల్సి వస్తే, ఆ ఒక్క అడుగులోనే విండో మళ్లీ బిగుసుకుంటుంది. అప్పుడు థ్రెడ్, అంటే అదే ప్రోగ్రామ్‌లో పక్కనే సమాంతరంగా నడిచే మరో పని, తప్పదు. థ్రెడ్‌కు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: అది ఏ విడ్జెట్‌నూ (బటన్, లేబుల్ లాంటి విండో భాగాన్ని) తాకకూడదు. లేబుల్ మార్చడం కూడా కాదు. ఒక్కోసారి పనిచేసినట్టే ఉండి ఇంకోసారి విండోను పూర్తిగా స్తంభింపజేసే రకం పొరపాటు అది, అందుకే ప్రమాదం. థ్రెడ్ తన కబుర్లను ‘క్యూ.క్యూ’ అనే వరుసలో వేస్తుంది. విండో వైపు ఒక ఫంక్షన్ ‘ఆఫ్టర్(100)’ చొప్పున లేచి, ‘గెట్ నోవెయిట్’తో క్యూలో ఉన్నవన్నీ తీసి చూపించి, మళ్లీ ఆఫ్టర్ చెబుతుంది. 100 మిల్లీసెకన్లే ఎందుకంటే, 0.1 సెకను లోపు జవాబు వస్తే మనిషికి అది వెంటనే జరిగినట్టు అనిపిస్తుంది. 1 సెకను దాటితే ఆలోచన తెగుతుంది, 10 సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది. వాడుక సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ ప్రచారంలోకి తెచ్చిన ఈ మూడు హద్దులు విండోలు రాసేవాళ్లకు ఇప్పటికీ మంచి కొలతలే.

థ్రెడ్‌ను ‘డేమన్=ట్రూ’ అని మొదలుపెడితే విండో మూసినప్పుడు అదీ పోతుంది, మధ్యలో ఉన్న కాపీ సగంలో తెగుతుంది. కాబట్టి ముందు తాత్కాలికమైన పేరుతో కాపీ చేసి, పూర్తయ్యాక ‘ఓఎస్.రీప్లేస్’తో అసలు పేరు పెట్టించండి. తెగినా మిగిలేది చెత్త పేరున్న ఫైలే, పాడైన ఫోటో కాదు.

ప్రశ్న: స్క్రిప్ట్ నాది కాదు, కమాండ్‌గా నడిపే ప్రోగ్రామ్. దాన్ని ‘సబ్‌ప్రాసెస్.రన్’తో బటన్‌కు కట్టాను. అవుట్‌పుట్ అంతా పని ముగిశాకే వస్తోంది.

జవాబు: ‘రన్’ అంటేనే ముగిసేదాకా వేచి ఉండడం. ‘పోపెన్’ వాడి, దాని అవుట్‌పుట్‌ను థ్రెడ్‌లో వరుస వరుసగా చదువుతూ క్యూలో వేయండి. మిగతాది పై జవాబులో ఉన్నదే. ‘ఎస్‌టీడీ ఎర్రర్’ను (దోషాల కబుర్లు వచ్చే రెండో దారిని) కూడా అదే పైపులోకి, అంటే అవుట్‌పుట్ మీ దాకా వచ్చే గొట్టంలోకి, కలపండి. దాన్ని వేరే పైపుగా తెరిచి చదవకుండా వదిలేస్తే, అది నిండిపోయిన చోట ఆ ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

అంత చేసినా వరుసలు గుంపుగా వస్తే తప్పు మీది కాదు. చాలా ప్రోగ్రామ్‌లు టెర్మినల్ ఎదురుగా ఉంటే ఒక్కో వరుసనూ అప్పుడే వదులుతాయి, పైపు కనిపిస్తే కొన్ని వేల బైట్లు పోగయ్యేదాకా దాచుకుంటాయి. అవతలిది పైథాన్ అయితే ‘-యూ’ అనే ఆప్షన్‌తో నడపండి. లినక్స్‌లో సి లైబ్రరీ మీద ఆధారపడే చాలా ప్రోగ్రామ్‌లకు ముందు ‘ఎస్‌టీడీబఫ్ -ఓఎల్’ తగిలిస్తే సరిపోతుంది, సొంతంగా దాచుకునే ఏర్పాటు ఉన్నవాటి మీద అది పారదు. వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటివి ఒకే వరుసను చెరిపి చెరిపి మళ్లీ రాస్తాయి, కొత్త వరుసకు వెళ్లవు. ‘టెక్స్ట్=ట్రూ’ పెట్టి చదివితే పైథాన్ ఆ చెరిపివేతను కూడా వరుస ముగింపుగానే తీసుకుంటుంది.

కమాండ్‌ను ఒకే పొడవాటి వాక్యంగా కాక జాబితాగా ఇవ్వండి. లేకపోతే ఖాళీ ఉన్న మొదటి ఫైలు పేరు దగ్గరే తిప్పలు. విండోస్‌లో ప్రతిసారీ నల్ల పెట్టె మెరిసి మాయమవుతుంటే ‘క్రియేట్ నో విండో’ అనే జెండా ఉంది.

ప్రశ్న: ఫైళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి. విండోస్‌లో, పైథాన్ స్క్రిప్ట్‌ను విండో నుంచి నడిపిస్తే దోషం వస్తోంది. లినక్స్‌లో దోషం లేదు కానీ ఒత్తులన్నీ ఊడిపోయి కనిపిస్తున్నాయి.

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. విండోస్‌లో, అవుట్‌పుట్ పైపులోకి వెళుతున్నప్పుడు పైథాన్ పాత కోడ్ పేజీని (అక్షరాలకు అంకెలిచ్చే పాత పట్టికను) పట్టుకుంటుంది, అందులో మన అక్షరాలకు చోటు లేదు. ఆ స్క్రిప్ట్‌ను నడిపేటప్పుడు ‘పైథాన్‌యూటీఎఫ్8’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేయండి (3.7 నుంచి ఉంది), చదివే వైపు కూడా ‘ఎన్‌కోడింగ్=యూటీఎఫ్-8’ అనండి. ఒక వైపు మాత్రమే మారిస్తే దోషం పోయి పిచ్చి గీతలు వస్తాయి.

లినక్స్ జబ్బుకు మీ కోడ్‌లో మందు లేదు. టీకే 8.6 అక్కడ అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తప్ప ‘స్త్రీ’, ‘క్ష’ లాంటివాటిని కూర్చదు. ఫాంటు ఎంత మార్చినా అంతే, ఆ పూట వృథా చేసుకోకండి. విండోస్, మ్యాక్‌లలో ఆ కూర్పు సిస్టమ్ చేసిపెడుతుంది కాబట్టి బాగుంటుంది. లినక్స్‌లో తెలుగు లేబుళ్లు తప్పనిసరైతే విండోలు కట్టే వేరే లైబ్రరీలైన క్యూటీ గానీ జీటీకే గానీ ఎంచుకోండి. రెండూ అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ సాయంతో ఒత్తులు సరిగ్గా కూరుస్తాయి.

ప్రశ్న: టీకింటర్ పాతబడిందంటున్నారు. క్యూటీకి మారితే ఈ తలనొప్పులన్నీ పోతాయా?

జవాబు: పోవు. విడ్జెట్లను ప్రధాన థ్రెడ్ మాత్రమే తాకాలన్న నియమం క్యూటీలోనూ ఉంది, జీటీకేలోనూ ఉంది. క్యూటీ సిగ్నళ్లు (ఒక భాగం ఇంకోదానికి పంపే కబుర్లు) థ్రెడ్ల మధ్య తమంతట తామే వరుసలో చేరతాయి కాబట్టి క్యూ రాసే శ్రమ తగ్గుతుంది. జీటీకేలో ఆ పని ‘జీలిబ్.ఐడిల్ యాడ్’ది. పెద్ద పట్టికలు, ముద్రణ, తెలుగు కావాలంటే మారండి. నాలుగు బటన్లకు టీకింటర్ చాలాచోట్ల పైథాన్‌తో పాటే వచ్చేస్తుంది, నాకు అదే చాలు.

పాతదన్న మాటకు వస్తే, నిజంగానే పాతది. జాన్ ఔస్టర్‌హౌట్ బర్కిలీలో 1988లో టీసీఎల్ అనే చిన్న భాష మొదలుపెట్టి, దానికి తోడుగా టీకేను కట్టారు. ఇప్పటికీ మీ పైథాన్ ప్రోగ్రామ్ లోపల ఒక టీసీఎల్ కూర్చుని ఉంటుంది, మీరు చేసే ప్రతి పనీ దాని ఆజ్ఞగా మారి వెళుతుంది. సరదాకు ఒక లేబుల్‌ను ప్రింట్ చేసి చూడండి: చుక్క, ఆశ్చర్యార్థకం, ఆ వెనుక ‘లేబుల్’ అని వస్తుంది. టీసీఎల్ లోకంలో దాని పేరు అది.

ప్రశ్న: నాది బాష్ స్క్రిప్ట్. ప్రోగ్రెస్ బార్ ఒక్కటి చాలు. దీనికోసం పైథాన్ నేర్చుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. స్క్రిప్ట్ నుంచి చిన్న విండోలు చూపే జెనిటీ ఉంది, కేడీఈ డెస్క్‌టాప్ వాడేవారికి కేడయలాగ్. స్క్రిప్ట్ అవుట్‌పుట్‌ను ‘జెనిటీ --ప్రోగ్రెస్’కు పైపు చేయండి. 0 నుంచి 100 లోపు సంఖ్య ఉన్న వరుస బార్‌ను జరుపుతుంది, ‘#’తో మొదలయ్యే వరుస పైన ఉన్న మాటను మారుస్తుంది. మొత్తం ఎంతో తెలియకపోతే మాత్రం శాతం చూపించకండి. 99 దగ్గర పది నిమిషాలు నిలబడే బార్‌ను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ‘--పల్సేట్’ పెడితే అది అటూ ఇటూ తిరుగుతూ తెలియదని నిజాయితీగా ఒప్పుకుంటుంది.

ప్రశ్న: విండోలో బొమ్మ పెట్టే వరుస రాశాను. దోషం లేదు, బొమ్మ లేదు, ఖాళీ చోటు మాత్రం ఉంది.

జవాబు: ‘ఫోటోఇమేజ్’ను ఫంక్షన్ లోపలి పేరులో పెట్టారు. ఫంక్షన్ ముగియగానే పైథాన్ దాన్ని చెత్తలో వేసింది. ‘లేబుల్.బొమ్మ=బొమ్మ’ అని లేబుల్‌కే తగిలించి ఉంచండి.

ప్రశ్న: టెర్మినల్ నుంచి నడిపితే విండో బాగా పనిచేస్తోంది. ఐకన్ మీద డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటోంది కానీ బటన్ పనిచేయడం లేదు.

జవాబు: రెండు అనుమానాలు. ఒకటి, సెట్టింగుల ఫైలును ఉత్త పేరుతో తెరుస్తున్నారు. ఉత్త పేరును ‘ప్రస్తుత ఫోల్డర్’లో వెతుకుతారు, ఐకన్ నుంచి మొదలైనప్పుడు అది మీ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డరే కావాలని లేదు. స్క్రిప్ట్ తన చిరునామాను ‘పాత్(__ఫైల్__).పేరెంట్’తో తెలుసుకుని అక్కడి నుంచి దారి కట్టుకోవాలి. రెండు, మీ ఫైలు ‘.పీవైడబ్ల్యూ’తో ముగుస్తుంటే విండోస్ దాన్ని టెర్మినల్ లేకుండా నడుపుతుంది. అప్పుడు ‘సిస్.ఎస్‌టీడీఅవుట్’ అన్నది ఉండదు. ప్రింట్ చప్పుడు చేయకుండా ఊరుకుంటుంది, ‘ఎస్‌టీడీఅవుట్.రైట్’ అని రాసి ఉంటే అక్కడే దోషం. ఆ దోషాన్ని చూపడానికీ టెర్మినల్ లేదు.

అందుకని ఏ విండోకైనా నేను మొదట రాసేది ‘రిపోర్ట్ కాల్‌బ్యాక్ ఎక్సెప్షన్’. ఇది బటన్ల వెనుక పుట్టిన దోషాలు చేరే చోటు. దీనికి మీ సొంత ఫంక్షన్ ఇచ్చి, అందులో ‘ట్రేస్‌బ్యాక్.ఫార్మాట్ ఎక్స్‌క్’ ఇచ్చే పాఠాన్ని ‘మెసేజ్‌బాక్స్.షోఎర్రర్’లో చూపించండి. ఆ పెట్టెలో వచ్చింది మొత్తం కాపీ చేసి నాకు పంపండి. ‘పనిచేయడం లేదు’ అన్న మాట కంటే అందులోని చివరి వరుస నాకు ఎక్కువ పనికొస్తుంది.